హాలీ సిక్కా, ఆడవాళ్ల వెండి

మేడ్చల్ దగ్గరి మా ఊళ్లో నాయనమ్మ సందుగ అడుగున ఒక గుడ్డమూట ఉండేది. అందులో చార్మినార్ బొమ్మ ఉన్న ఒక రూపాయి, ఒక జత వెండి కడియాలు. రూపాయి తాతది, కడియాలు తనవి. “రూపాయి చెల్లకుంట పోయింది బిడ్డా, కడియం ఎప్పటికైనా చెల్లుతది” అనేది. నాణేల చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆ మాటలో సగమే నిజమని తెలిసింది.

ఆ రూపాయి పేరు హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుతున్నదని అర్థం. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో (1853-83) నారాయణపేట, గద్వాల వంటి చోట్ల ఉన్న టంకశాలలు మూతపడి రాజ్యమంతటికీ ఈ నాణెమే స్థిరపడింది. 1857 తిరుగుబాటు తర్వాత దానిమీద మొగలు చక్రవర్తి పేరు పోయి అసఫ్‌జా పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చార్మినార్ వచ్చింది. రూపాయికి 16 అణాలు, అణాకు 6 డబ్బులు, డబ్బుకు 2 పైలు. ఆ చిన్న రాగి నాణెం పేరునే ఇవాళ మనం ధనమంతటికీ వాడుతున్నాం.

మేడ్చల్ నుంచి పట్నం పోయే దారిలోనే బొల్లారం, సికింద్రాబాద్ కంటోన్మెంట్లు. అక్కడ ఆంగ్లేయుల రూపాయి నడిచేది. దాన్ని కల్దార్ అనేవారు. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. ఈ తేడా లోహంలోనే ఉంది. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి దాదాపు 92 శాతం. హాలీ బరువు 11.18 గ్రాములు, వెండి దాదాపు 82 శాతం. కల్దార్ బరువే తులం. అవుసులాయన త్రాసులో ఒక పళ్లెంలో రూపాయలు, ఇంకో పళ్లెంలో కడియం. ఆడవాళ్ల నగను తూచిన రాయి కూడా రాజ్యం నాణెమే.

భూమిలో వాటా లేని ఆడపిల్లకు పుట్టింటి నుంచి దక్కింది ఆ వెండే. శాస్త్రాలు దాన్ని స్త్రీధనమన్నాయి. కానీ కష్టకాలంలో భర్త దాన్ని తీసుకోవచ్చని కూడా ఆ శాస్త్రాలే ఒప్పుకున్నాయి. ఆస్తిమీద హిందూ స్త్రీకి సంపూర్ణ హక్కును చట్టం గుర్తించింది 1956లో. అంతవరకూ విత్తనాలకు, శిస్తుకు, పెళ్లిళ్లకు కడియాలు గిరివికి పోయేవి. తిరిగొచ్చినవెన్ని? అమ్మబోతే షావుకారు తరుగు తీసేవాడు. కుటుంబం నిలబడడానికి ఆమె పెట్టిన ఆ పెట్టుబడి ఏ ఖాతాలోనూ ఆమె పేరున జమ కాలేదు.

“కడియం ఎప్పటికైనా చెల్లుతది” అనే నమ్మకానికి పెద్ద దెబ్బ 1893లో తగిలింది. అంతకుముందు బ్రిటిష్ ఇండియా టంకశాలలకు ఎవరైనా వెండి పట్టుకెళితే కొద్దిపాటి ఖర్చు తీసుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. 1876-78 కరువులో బొంబాయి టంకశాలకు చేరిన వెండిలో జనం అమ్ముకున్న నగలు చాలా ఉన్నాయి. ప్రపంచ మార్కెట్‌లో వెండి ధర పడిపోతూ ఉండడంతో, లండన్‌కు చేయాల్సిన చెల్లింపులు భారమై, 1893 జూన్‌లో ప్రభుత్వం ఆ తలుపు మూసింది. రూపాయి విలువను 16 పెన్నీల దగ్గర నిలబెట్టారు గానీ, వెండిని దాని ఖర్మకు వదిలేశారు. 1902 నాటి లండన్ ధరతో లెక్కిస్తే ఒక కల్దార్‌లోని వెండి విలువ సుమారు తొమ్మిది అణాలే! బజారు ధరకు నిజాం రాజ్యపు సరిహద్దు అడ్డం కాదు. 1896-97, 1899-1900 కరువుల్లో గింజల కోసం కడియం అమ్మిన స్త్రీకి రూపాయి బరువు వెండికి రూపాయి రాలేదు. జీతగాడి రూపాయి నిలబడింది, ఆమె దాచుకున్నది కరిగిపోయింది. ద్రవ్య విధానం స్త్రీ పురుషుల తేడా చూడదంటారు. ఏ రూపంలో ఎవరు దాచుకుంటారో చూస్తే ఆ మాట నిలవదు.

తర్వాత కథ తిరగబడింది. 1940లో బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. 1957లో నయా పైసలు వచ్చాయి. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. పదేళ్లలో మా నాయనమ్మ తరం మూడు లెక్కలు నేర్చుకుంది, బడికి పోకుండానే. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు బియ్యం డబ్బాల్లో, చీర మడతల్లో దాచిన నోట్లు భర్తల ముందుకు, బ్యాంకు వరుసల్లోకి వచ్చాయి. రహస్యంగా దాచుకోవడమే వాటి విలువ. బ్యాంకు తిరిగిచ్చిన మొత్తంలో ఆ విలువ లేదు.

1903లో సైఫాబాద్‌లో మొదలైన టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. ఇప్పుడది మేడ్చల్ జిల్లాలోనే ఉంది. సైఫాబాద్ భవనాన్ని 2022లో మ్యూజియంగా తెరిచారు. నాణేల మీది పేర్లు, తేదీలు చదవడానికి పండితులున్నారు. కడియం ఎన్నిసార్లు గిరివికి పోయింది, ఎంత తరుగు పోయింది, ఎవరి అప్పు తీర్చిందన్నది మాత్రం మన ముసలవ్వలను అడిగితేనే తెలుస్తుంది. నేను మా నాయనమ్మను అడగలేదు. కడియాల లోపలివైపు అరిగిన చోట వేలు పెట్టి చూసినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది.