కాటన్ దొర పేరులో ‘కాటన్’ అంటే పత్తి కాదు.. అసలు అర్థం ఇదీ!

ధవళేశ్వరం ఆనకట్ట పేరు చెప్పగానే గోదావరి జిల్లాల వాళ్లకు గుర్తొచ్చేది సర్ ఆర్థర్ కాటన్. ఆ ఇంటిపేరు వినగానే చాలామంది కాటన్ బట్టకు, పత్తికి ముడిపెట్టేస్తుంటారు. పూర్వీకులు పత్తి వ్యాపారులేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పేరుకూ పత్తికీ సంబంధమే లేదు. అదొక ఊరి పేరు.

పాత ఇంగ్లిష్‌లో ‘కోట్’ అంటే గుడిసె. ఇప్పుడు మనం వాడే ‘కాటేజ్’ కూడా ఈ మూలం నుంచి వచ్చిందే. ‘గుడిసెల దగ్గర’ అని చెప్పాలంటే అప్పట్లో ‘కోటుమ్’ అనేవారు. నాలుగు గుడిసెలున్న చోటునల్లా అలా పిలవడంతో ఇంగ్లండ్‌లో ఈ పేరుతో చాలా ఊళ్లు వెలిశాయి. పలికే తీరు మారుతూ ఒక్కోచోట ఒక్కోలా స్థిరపడింది. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, కేంబ్రిడ్జ్‌షైర్‌లో కోటన్, నాటింగ్‌హామ్‌షైర్‌లో కోతమ్.. అన్నీ ఒకే మాటకు రూపాలు.

మరి పత్తి? ఆ ‘కాటన్’ అరబిక్ మాట ‘కుత్న్’ నుంచి ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. రెండు వేర్వేరు మాటలు చివరికి ఒకేలా మారాయి, అంతే.

ఊరి పేరు ఇంటిపేరు ఎలా అయింది?

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఇంటిపేర్లు మెల్లగా వాడుకలోకి వచ్చాయి. ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేయాలంటే ‘ఫలానా ఊరి రాబర్ట్’ అనేవారు. తరాలు గడిచేసరికి ఊరు ఇంటిపేరైంది. మన దగ్గరా ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు బోలెడు. కాకపోతే ఇంగ్లండ్‌లో ఈ పేరున్న ఊళ్లు ఎక్కువ కాబట్టి కాటన్‌లందరూ ఒకే వంశం వాళ్లు కాదు.

ఈ ఇంటిపేరుతో ప్రసిద్ధులూ ఉన్నారు. సర్ రాబర్ట్ కాటన్ (1571-1631) సేకరించిన రాతప్రతులు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మాగ్నా కార్టా ప్రతులు కూడా వాటిలోనివే. ఇక మన కాటన్ దొర (1803-1899) చెషైర్‌లోని కోంబర్‌మియర్ కాటన్ కుటుంబానికి చెందినవారు.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లతో డెల్టాలో పండింది పత్తి కాదు, వరి. గుడిసెల పేరు మోసిన ఆ ఇంజనీర్ పేరే ఇప్పుడక్కడి బ్యారేజీకీ ఉంది. ఏటా మే 15న ఆయన జయంతి రోజు గోదావరి రైతులు విగ్రహాలకు దండలు వేస్తుంటారు.