తీరిక ఎవరిది? పురమందిరం నుంచి కమ్యూనిటీ హాలు దాకా

రాజమండ్రి పురమందిరానికి మన సాహిత్య చరిత్రల్లో దక్కేది సాధారణంగా ఒక్క వాక్యం. 1890లో వీరేశలింగం గారు సొంత డబ్బుతో టౌన్ హాలు కట్టించారు, అంతే. నాకు ఆ ‘సొంత డబ్బు’ అనే మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. అప్పటికే ఊళ్ళో మునిసిపాలిటీ ఉంది. 1884 నాటి మద్రాసు మునిసిపాలిటీల చట్టం కింద, పన్ను కట్టే పురుషులు ఎన్నుకున్న కౌన్సిలర్లున్నారు. అయినా పదిమంది కూర్చుని మాట్లాడుకునే చోటు ఒక సంస్కర్త సంచీలోంచి రావలసి వచ్చింది. పన్ను డబ్బు రోడ్లకీ, దీపాలకీ, చెత్త ఎత్తడానికీ. కలుసుకోవడం, చదువుకోవడం, కాసేపు ఊరికే కూర్చోవడం దాతల దయ. ఈ విభజన ఇవాళ్టికీ మన మునిసిపల్ ఎన్నికల్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆ మందిరంలో కుర్చీలు ఎవరికి? 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ వెలికి భయపడి రాకపోతే, రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసి ఆ పెళ్ళి నడిపించారు. సంస్కరణోద్యమానికి మందిరం లేని రోజుల్లో ఆమె వంటిల్లే దాని మందిరం. ఆ తర్వాత పక్కా భవనం వచ్చింది. వేదిక మీద ఉపన్యాసాలు పురుషులవి. 1902లో భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించాక ఊరూరా స్త్రీ సమాజాలు వచ్చాయి గానీ, అవి ఎక్కువగా ఎవరో ఒకరి ఇంట్లోనే కూడుకునేవి. ఇంటివాళ్ళ అనుమతి మీద, ఇంటిపని అయ్యాక.

పురుషుల తీరిక సంగతి వేరు. అది క్లబ్బులు కట్టుకుంది. మన ఊళ్ళలో ‘రిక్రియేషన్ క్లబ్’ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పేకాటే. ఈ మాట నవ్వుకోవడానికి అనడం లేదు, దీనికి న్యాయచరిత్ర కూడా ఉంది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసుల దాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1967లో కోర్టు చెప్పింది. పేకాట నైపుణ్యమా, అదృష్టమా అని దేశపు అత్యున్నత న్యాయస్థానం తర్కించింది. ఒక గృహిణికి సాయంత్రం ఒక గంట బయట కూర్చునే హక్కుందా అన్న ప్రశ్న మాత్రం ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. ఎక్కించే భాష కూడా మన దగ్గర లేదు. ‘కాలక్షేపం’ అనే మాటే చూడండి. మగవాడి విషయంలో అది అలసట తీర్చుకోవడం, ఆడదాని విషయంలో పనీపాటా లేకపోవడం.

పన్ను డబ్బుతో అందరికీ ఒక చోటు అనే ఆలోచన మన దగ్గర గట్టిగా వచ్చింది గ్రంథాలయోద్యమం నుంచే. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ, దాని వెనక అయ్యంకి వెంకట రమణయ్య గారి వంటివాళ్ళ శ్రమ, ఆ తర్వాత చాలాకాలానికి 1960 గ్రంథాలయాల చట్టం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయడం ఈ చట్టం కింద వచ్చిందే. వసూలు చేసేది స్థానిక సంస్థలు, చేరవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. మధ్యలో బకాయిలు పేరుకుపోవడం అందరికీ తెలిసిన కథ. జనం కట్టేస్తారు, అది రోడ్డో మోరీయో అయిపోతుంది. చదువుకునే గది మళ్ళీ వాయిదా పడుతుంది. ఆ గదిలోనూ స్త్రీలకు దక్కేది తరచుగా ఒక మూల బల్ల.

నిర్ణయించే చోట మనం లేకపోవడం దీనికి ఒక కారణం. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు అడ్డంకి తీసేసింది, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొదటగా. కానీ ఆస్తి అర్హత అలాగే ఉంది కాబట్టి ఆస్తి లేని అత్యధిక స్త్రీలకు అది అందలేదు. 1962లో రాణీ కుముదినీదేవి హైదరాబాద్ మేయరయ్యారు. వనపర్తి సంస్థానపు రాణి కావడం ఆ దారికి అడ్డు కాలేదని వేరే చెప్పనక్కర్లేదు. మామూలు వార్డుల్లోంచి మామూలు స్త్రీలు రావడానికి 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలు కావలసి వచ్చాయి. ముందు మూడో వంతు, తర్వాత మన రాష్ట్రాల్లో సగం. పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి, సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను ప్రోత్సహించడమూ ఉంది. అంటే తీరిక పురపాలక సంఘం పని అని రాజ్యాంగమే రాసిపెట్టింది. ఎన్నికల సభల్లో ఈ మాట నేను ఒక్కసారీ వినలేదు.

నేను విన్నది వేరు. కొన్నేళ్ళ కింద మా వార్డులో కౌన్సిల్ ఎన్నికల ముందు చిన్న సమావేశం జరిగింది. సీటు మహిళలకు రిజర్వయింది. అభ్యర్థి వేదిక మీద కూర్చున్నారు, మాట్లాడింది ఆమె భర్త. గెలిస్తే కమ్యూనిటీ హాలు కట్టిస్తామన్నారు. వెనక నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి లేచి, “ముందు మోరీలు బాగు చెయ్యండి, హాలు ఎవడికి కావాలి?” అన్నారు. చప్పట్లు పడ్డాయి. ఆయన మాట తేలిగ్గా కొట్టేయలేను. మోరీ పొంగితే ఆ నీళ్ళు ఎత్తిపోసేది ఆడవాళ్ళే. కానీ మోరీకి ఆ ఏడాది డబ్బు రాకపోవడానికి హాలు కారణం కాదు. అది ఇంకా కాగితం మీదే ఉంది కదా. అప్పుడు మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, కూర్చున్న చోటు నుంచే, “హాలు కట్టండన్నా, తాళంచెవి ఎవరి దగ్గరుంటదో ముందు చెప్పండి,” అంది. అభ్యర్థి భర్త నవ్వి ఊరుకున్నారు.

ఆ ప్రశ్నలో అన్నీ ఉన్నాయి. హాలు కట్టడానికి నిధి దొరుకుతుంది. 1993లో మొదలైన ఎంపీల నిధుల పథకం కింద కూడా కట్టొచ్చు. కానీ ఆ పథకం కట్టడానికే గానీ నడపడానికి ఇవ్వదు. కరెంటు బిల్లు, కాపలా జీతం, మరుగుదొడ్డి శుభ్రం చేసేవాళ్ళ కూలి ఏ పద్దులోంచి? ఆ పద్దు లేని చోట హాలు పెళ్ళిళ్ళకి అద్దెకు పోతుంది. మిగతా రోజుల్లో తాళం ఉన్నవాళ్ళ మనుషులు పేక కలుపుతారు. మరుగుదొడ్డికి గడియ ఉండదు. ఆ తర్వాత, ‘కట్టించాం, ఆడవాళ్ళు రారు’ అంటారు.

స్త్రీల కోసం ప్రభుత్వం భవనాలు కట్టలేదా అని అడగొచ్చు. కట్టింది. పొదుపు సంఘాల సమాఖ్యలకు భవనాలున్నాయి. వాటిలో మనం కూర్చునేది కంతుల లెక్క చూసుకోవడానికి. అప్పు తీర్చే స్త్రీకి కుర్చీ వేస్తారు. ఏమీ చెయ్యకుండా కూర్చునే స్త్రీకి వెయ్యరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద లేచిన ఆడవాళ్ళు రాత్రిబడిలో కలుసుకున్నవాళ్ళేనని మరిచిపోకూడదు. అక్కడ వాళ్ళు పాఠం చదవడానికి పోగయ్యారు, ఆ తర్వాత మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రాత్రిపూట ఒక దీపం, ఒక చాప, లేచి వెళ్ళమని ఎవరూ అనని గంట దొరికితే ఏమవుతుందో అధికారంలో ఉన్నవాళ్ళకి మనకంటే బాగా తెలుసేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ఆ అభ్యర్థే గెలిచారు. హాలుకు శంకుస్థాపన జరిగిన వారానికి మా వీధి ఆడవాళ్ళు పదకొండు మంది సంతకాలతో మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చారు. రాసింది నేను, చెప్పింది వాళ్ళు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు హాలు స్త్రీలకు, పిల్లలకు. లోపల గడియ పడే రెండు మరుగుదొడ్లు. పెళ్ళిళ్ళ అద్దె వేరే ఖాతాలో జమ. కాపలాకి ఒక స్త్రీ, ఆమె జీతం సాధారణ బడ్జెట్ నుంచి. తాళంచెవి ఆమె దగ్గర.