మసి కాల్చుకునే బళ్ళు

లాగ్ ఫైళ్ళతో డిస్కు నిండిపోయిన సర్వరుని మనలో చూడనివాళ్ళుండరు. రోజూ అర్ధరాత్రి పాత ఫైళ్ళని ఊడ్చేసే జాబ్ ఒకటుంటుంది. అది మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు మెషీన్ని రీబూట్ చేస్తుంటే ఏమవుతుంది? కొన్నాళ్ళకి డిస్కు నిండి సర్వరు చతికిలబడుతుంది. 2020 తర్వాత రోడ్డెక్కిన డీజిల్ బళ్ళ కథ సరిగ్గా ఇదే. వీటిలో చాలావాటికి సైలెన్సర్ గొట్టంలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టేసుకుంటుంది, నిండాక తనలోనే కాల్చి బూడిద చేసుకుంటుంది. ఆ కాల్చుకోవడాన్నే రీజనరేషన్ అంటారు.

దీని గురించి నేనెందుకు చదవాల్సి వచ్చిందంటే, మాది చాట్రాయి. నూజివీడు మామిడి పండే నేల (2022 జిల్లాల విభజనలో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి మారింది). సీజన్లో ఇంటికెళ్తే బళ్ళు తోలేవాళ్ళు నన్ను పట్టుకుంటారు. "తమ్ముడూ, నిలబెట్టిన బండికి రేజింగు దానంతటదే పెరుగుతోంది, ఫ్యాను హోరుమంటోంది, నువ్వు కంప్యూటరోడివేగా, ఏంటో చెప్పు" అని. బండిలో కంప్యూటర్ ఉన్నమాట నిజమే కాబట్టి తప్పించుకోలేం :)

ముందు ఆ రేజింగు సంగతి. మసి మామూలుగా కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. లోడుతో హైవే మీద పోతున్నప్పుడు పొగ బాగా వేడిగా ఉంటుంది, పైగా క్యాటలిస్టు సాయం ఉంటుంది కాబట్టి 250 నుంచి 400 డిగ్రీల మధ్యలోనే కొంత మసి నిదానంగా కాలిపోతూ ఉంటుంది. అదే బండి ఐడిలింగులో నిలబడితే పొగ వేడి 200 డిగ్రీలు కూడా దాటదు. అంటే మసి చేరుతూనే ఉంటుంది, కాలేది మాత్రం ఉండదు. జల్లెడకి ముందూ వెనకా ప్రెషర్ కొలిచే సెన్సరు ఉంటుంది. తేడా పెరిగిందంటే, ఇక కాల్చాల్సిందేనని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇంజనులో మామూలుగా కొట్టాల్సిన డీజిల్ కొట్టేశాక ఇంకాస్త ఆలస్యంగా కొడుతుంది. అది సైలెన్సర్లోని క్యాటలిస్టు దగ్గర మండి వేడి పెంచుతుంది. అప్పుడు బండి నిలబడి ఉంటే, 800 దగ్గర ఉండాల్సిన ఐడిలింగు బండిని బట్టి 1000 దాకా ఎక్కుతుంది. రోగం కాదన్నమాట, ఊడ్చుకుంటోంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1985లోనే మెర్సిడెస్ వాళ్ళు కాలిఫోర్నియాలో అమ్మిన డీజిల్ కార్లకి ఇలాంటి జల్లెడ పెట్టారు. అది తరచూ మూసుకుపోయేది, ఎక్కువకాలం నిలబడలేదు. సరిగా పనిచేసింది 2000లో ప్యూజో 607తో. డీజిల్లో సీరియం కలిసిన మందు కొద్దిగా కలిపి, మసి తక్కువ వేడికే కాలేట్టు చేశారు. ఈలోగా 1999లో టోక్యో గవర్నర్ ఇషిహరా మసి నింపిన ప్లాస్టిక్ సీసా పట్టుకుని టీవీల ముందు ఊపి చూపించాడు. 2003 అక్టోబరు నుంచి ప్రమాణాలకి తూగని డీజిల్ లారీలకి, జల్లెడ బిగించుకోకపోతే టోక్యోలో ప్రవేశం లేదన్నారు. 2007 నుంచి అమెరికా కొత్త లారీలకి, 2009లో యూరో 5తో అక్కడి కార్లకి ఇది దాదాపు తప్పనిసరైపోయింది.

మరి మన దగ్గర 2020 దాకా ఎందుకాగింది? కారణం గంధకం. డీజిల్లో గంధకం ఎక్కువుంటే క్యాటలిస్టు పాడవుతుంది, జల్లెడ పనిచేయదు. తొంభైల మొదట్లో మన డీజిల్లో గంధకం ఒక శాతం దాకా ఉండేది, అంటే 10,000 పీపీఎం. బీఎస్-2లో 500, బీఎస్-3లో 350, బీఎస్-4లో 50, బీఎస్-6లో 10 పీపీఎం. మధ్యలో ఒక చిత్రం గమనించండి. 2005లో హైదరాబాదుకి బీఎస్-3 డీజిల్ వచ్చింది, చాట్రాయి లాంటి ఊళ్ళకి 2010లో వచ్చింది. అదే 2010లో హైదరాబాదు బీఎస్-4కి వెళ్ళిపోయింది, దేశమంతటికీ అది చేరేసరికి 2017 అయింది. అంటే ఇన్నేళ్ళూ పల్లెటూరివాడి ఊపిరితిత్తులకి ఒక లెక్క, పట్నంవాడికి ఇంకో లెక్క. 2016 జనవరిలో కేంద్రం బీఎస్-5ని దాటేసి నేరుగా 6కి పోదామని నిర్ణయించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు, 2020 మార్చి 31 తర్వాత బీఎస్-4 బళ్ళు అమ్మడానికి వీల్లేదంది. ఏప్రిల్ 1న, కొత్త బళ్ళకి పట్నంలోనూ పల్లెలోనూ ఒకే రూలు అమల్లోకి వచ్చింది. లాక్‌డౌన్ వల్ల ఆ రోజు రోడ్డు మీద బళ్ళే లేవనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు మామిడితోటకి వద్దాం. సీజన్లో చిన్న లోడు బండి బతుకు ఎలా ఉంటుంది? తోటలోకి ఫస్టు గేరులో పోతుంది. ట్రేలు ఎక్కించేదాకా నిలబడుతుంది. నున్న మార్కెట్టు దగ్గర వరసలో మళ్ళీ నిలబడుతుంది. ఇంజను ఆపరు. వాళ్ళదీ తప్పు కాదు. పాత బళ్ళలో బ్యాటరీ వీకైతే ఆపిన బండి మళ్ళీ స్టార్టవుతుందన్న భరోసా లేదు. టర్బో ఉన్న బండిని ఆపేముందు ఒక నిమిషం ఐడిలింగులో ఉంచమని మెకానిక్కులే నేర్పారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన అలవాటు అది. కొత్త బండిలో ఆ అలవాటే జల్లెడని నింపుతోంది. పైగా రేజింగు పెరిగిందని కంగారుపడి సరిగ్గా అప్పుడే తాళం తీసేస్తారు. ఇలా పదేపదే జరిగితే, ఎక్స్‌ట్రాగా కొట్టిన డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ పలచనవుతుంది. చివరికి లైటు వెలిగి, పికప్పు పడిపోయి, లోడుతో సహా బండి షెడ్డుకి చేరుతుంది. కాయ ఆగదు కదా!

అప్పుడు దొరికే సలహా ఒకటుంది: జల్లెడ పీకేసి, సాఫ్ట్‌వేర్ మార్చేయడం. సాఫ్ట్‌వేర్ మార్చేది మనలాంటివాడే, అందుకే ఈ మాట ఇక్కడ చెప్తున్నాను. అది చట్టవిరుద్ధం అన్నది ఒక ఎత్తు. డీజిల్ పొగ మనుషులకి క్యాన్సర్ తెస్తుందని 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి చెప్పింది. జల్లెడ పీకిన బండి వెనక నిలబడి ట్రేలు ఎక్కించేది కంపెనీవాడో, నేనో కాదు, ఆ తోటలో కూలీలు.

నా అభిప్రాయం ఇది. జల్లెడ ఉండాల్సిందే. కానీ బండి తాళంతో పాటు పది నిమిషాల పాఠం తెలుగులో చెప్పాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళది. పాఠం కూడా చిన్నదే. ఊరికే ఐడిలింగులో ఉంచొద్దు. రేజింగు పెరిగినప్పుడు ఆపొద్దు. జల్లెడ లైటు వెలిగితే రోడ్డెక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోనివ్వండి. నిలబెట్టి కాల్చే స్విచ్ ఉన్న బండైతే మాత్రం తోటలో వద్దు. సైలెన్సర్ మంటలా కాలుతుంది, ఎండాకాలం మామిడిచెట్ల కింద అంతా ఎండుటాకే.

మీ ఊళ్ళో మీవాళ్ళెవరికైనా బీఎస్-6 డీజిల్ బండి ఉంటే, ఈ ఆదివారం ఫోన్లో ఆ లైటు ఎప్పుడైనా వెలిగిందా అని అడగండి. వెలిగిందంటే ఏం చేశారో కూడా అడగండి.