మడతయింటి పైకప్పు

మే నెల కడపటి సోమవారము అమెరికా దేశమున యుద్ధమృతుల సంస్మరణ దినము. అచ్చటివారికి వేసవి విహారములు ఆనాటితోనే మొదలైనట్లు లెక్క. శీతకాలమంతయు పెరటి షెడ్లలో పట్టాలు కప్పుకొని పడియున్న ట్రెయిలర్లు ఆ వారమున దుమ్ము దులుపుకొని వెలికి వచ్చును. వానిలో నొక జాతి కలదు: దారిపొడవునను నడుమెత్తు పెట్టెయై అణగియుండి, విడిది చేరిన పిమ్మట నాలుగు మూలల ఉక్కు కంబములపై పైకప్పు లేచి, ఇరుప్రక్కల మంచములు వెలికి సాగి, గుడ్డగోడల గుడారమై నిలుచునది. దానిని పాపప్ క్యాంపర్ అందురు. ఆ కప్పు లేచుటకు పిడి త్రిప్పవలెను; ఎండలో చాలసేపు త్రిప్పవలెను. అందుచేత ఆ పిడిని ప్రక్కన బెట్టి, బ్యాటరీ డ్రిల్లు మొనకు తగిన సాకెట్టు తగిలించి, మీట నొక్కి కప్పును లేపు ఆచారము ఇటీవల మిక్కిలి ప్రబలినది. ఆ ఆచారపు పుట్టుపూర్వోత్తరములను కొంత విచారింతము.

ఈ చరిత్రను వ్రాయబూనినవాడు శతాబ్దములను ఉదారముగా దాటవేయక తప్పదు. ఇరుసునకు త్రాడు చుట్టి బరువులెత్తు యంత్రములను రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున తన గ్రంథపు పదియవ భాగమున వర్ణించియున్నాడు. వింటిత్రాటితో బరమా త్రిప్పి కొయ్యకు రంధ్రము వేయుట అంతకు బహుపూర్వమే ఈజిప్టు వడ్రంగులకు కరతలామలకము. ఎత్తు విద్యయు, తొలుచు విద్యయు ఒకదాని మొగమొకటి చూడకయే వేలయేండ్లు తమ తమ దారులను నడచినవి. 1889లో మెల్‌బోర్ను నగరమున ఆర్నాట్, బ్రెయిన్ అనువారు విద్యుత్తుతో తిరుగు డ్రిల్లునకు పేటెంటు పొందిరి; 1895లో స్టుట్‌గార్ట్ నగరపు ఫైన్ సంస్థ దానిని మనిషి చేతబట్టుకొనదగినంతకు కుదించెను.

బాల్టిమోరు నగరపు ఘట్టము కొంత సరసమైనది. 1910లో డంకన్ బ్లాక్ అను యువకుడు తన మోటారుకారును ఆరువందల డాలర్లకు అమ్మివేయగా, అలోంజో డెక్కర్ అను మిత్రుడు ఇల్లు తాకట్టు పెట్టి అంతే సొమ్ము తెచ్చెను. ఆ పండ్రెండు వందలతో వెలసిన దుకాణమే బ్లాక్ అండ్ డెక్కర్. పిస్తోలు పిడివంటి పట్టును, చూపుడువ్రేలితో నొక్కు మీటయు గల డ్రిల్లునకు వారు 1914లో దరఖాస్తు చేసికొని 1917లో పేటెంటు పొందిరి. నేటికిని డ్రిల్లనగా మన కంటికి గట్టునది ఆ రూపమే. కారును అమ్ముకొనగా పుట్టిన పనిముట్టు, కాలాంతరమున కారు వెనుక లాగికొనిపోవు ఇంటికి కప్పెత్తు కొలువునకు కుదిరినది.

ఇల్లు కారు వెన్నంటి పోవుటయు ఇంచుమించు ఆ కాలపు వేడుకయే. 1919లో ఫ్లారిడా రాష్ట్రము టాంపాలో టిన్ కాన్ టూరిస్టులు అను కారు విహారులు సంఘముగా నేర్పడిరి. నాటి గుడారపు బండ్ల గుడ్డను కొయ్యలు నిలబెట్టి చేతులతోనే లేపుచుండిరి. పిమ్మట మాంద్యమును, మహాయుద్ధమును, 1956 నాటి రహదారుల శాసనమును గడచి, 1968లో ఇండియానా రాష్ట్రపు మిడిల్‌బరీ చేరుదము. అచ్చట లాయిడ్ బాన్‌ట్రేగర్ అను ఉద్యోగి, తాను కల్పించిన కప్పెత్తు యంత్రమును నమ్ముకొని, భార్య బెర్తాతో గూడి, తమ పొలములోని కోళ్లపాకలను కర్మాగారముగా మార్చి జేకో సంస్థను స్థాపించెను. తొలియేట పదునైదుగురు పనివారు. అమ్ముడుపోయిన మడత ట్రెయిలర్లు 132. ఆ ప్రాంతమున ఆమిష్ మతస్థులు విస్తారము. ఊరి విద్యుత్తు తీగను గడప తొక్కనీయక, గుర్రపుబగ్గీలపై తిరుగు ఆ సాధుజనులనేకులు ట్రెయిలరు కర్మాగారములలో పనిచేసి ఇతరుల విహారసౌఖ్యమును సమకూర్చుచుందురు. తమ చేతుల మీదుగా సాగిన పిడికి ఎవడో బ్యాటరీ డ్రిల్లు తగిలించునని తెలిసినచో వారేమనుకొందురో గాని, గడ్డముల మాటున నొక చిరునవ్వు నవ్వుకొందురని నా ఊహ.

డ్రిల్లు సంగతికి మరల వచ్చినచో, ఈ చరిత్రయంతటిలోను నాకు అత్యంత ప్రియమైన ఘట్టము భూమిమీద జరిగినది కాదు. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ వారు నికెల్-కాడ్మియము బ్యాటరీతో నడచు, తీగలేని డ్రిల్లును అంగడికి తెచ్చిరి. పదియేండ్లు తిరుగుసరికి, 1971లో అపోలో 15 నౌకపై చంద్రునికి బోయిన బ్యాటరీ డ్రిల్లునకు తిరుగుడు యంత్రమును చేసి యిచ్చినవారును వారే. ఎపనైన్ పర్వతపాదమున, హాడ్లీ లోయ యొడ్డున, వ్యోమగామి డేవిడ్ స్కాట్ దానిని చేబూనెను. నేల లోపలి వేడిమిని కొలుచు సాధనములకై ఇంచుమించు మూడు మీటర్ల లోతు తొలువవలెనని సంకల్పము. మీటరున్నర దాటగనే అది మొరాయించెను. గొట్టపు అతుకులకడ మరచుట్లు సరిగా కుదురక, తొలిచిన ధూళి పైకి రాక, కడ్డీ బిగిసిపోయెను.

అంతకంటె గొప్ప చిక్కు వేరొకటి కలదు. మట్టిపొరల మచ్చును చెదరనీయక తెచ్చుటకై బోలుగొట్టమొకటి రెండు మీటర్లకు మించిన లోతునకు దింపిరి. దిగుటకది సులభముగనే దిగెను, పైకి మాత్రము రాదయ్యెను. భూమిమీది బరువులో ఆరవవంతే బరువుండు లోకము; చేతిలో ఆ కాలపు మహాశిల్పుల విద్యుద్యంత్రము; అయినను గొట్టము కదలలేదు. మరునాడు స్కాటును, తోడి వ్యోమగామి జేమ్స్ ఇర్విన్‌ను ఇరువురును వంగి, డ్రిల్లు పిడుల క్రింద చేతులు దూర్చి, భుజములానించి, రొప్పుచు రోజుచు అంగుళమంగుళముగా దానిని పెకలించిరి. తీరా వచ్చిన గొట్టమును ముక్కలుగా విప్పబోగా, బండికి బిగించిన పట్టుసాధనము వెనుకముందుగా నమర్చియుండెను! ఈ జాగులచేత వారు చూడదలచిన ఉత్తరపు గుట్టల యాత్రయే మానుకొనవలసివచ్చెను. పోయినకాలము వ్యర్థము కాలేదు. ఆ గొట్టములోని పొరలు చంద్రుని నేల చరిత్రను శాస్త్రజ్ఞులకు పుటలు పుటలుగా విప్పిచెప్పినవి. మరుసటి యేడు అపోలో 16 పోవునప్పుడు డ్రిల్లుతోబాటు పంపబడిన క్రొత్త పరికరమేమనుకొన్నారు? గొట్టమును పైకెత్తుటకు, చేతితో ఆడించు జాకీ!

తొలుచుట వేరు, ఎత్తుట వేరని చంద్రలోకమున తేలిన ఈ సత్యమునే క్యాంపరు తయారీదార్ల కరపత్రములు పొడిమాటలలో చెప్పుచున్నవి. పిడి త్రిప్పగా విన్చి అను ఎత్తుయంత్రపు ఇరుసునకు ఉక్కుతీగత్రాడు చుట్టుకొనును. కొన్ని బండ్లలో ఆ త్రాడే గిలకలమీదుగా నాలుగు మూలలకు పోయి కంబములను లాగును. మరికొన్నింట అడుగునగల గొట్టములలోని పొడవైన స్ప్రింగులు ముందుకు త్రోయబడి, ఒకదానిలోనొకటి దూరియున్న కంబములను పైకి నెట్టును. నాలుగు మూలలును సమముగా లేవవలెను. ఒక మూల తుప్పుపట్టి బిగిసినను, గుడ్డమడత ఎచ్చటనైన ఇరుకుకొనినను, గిలకబావిలో చేద అంచు తగిలిన సంగతి తోడువాని అరచేతికి తెలిసినట్లే, పిడి త్రిప్పువానికి ఆ బిగువు తక్షణమే తెలియును. ఆగి, క్రిందికి వంగి చూచును. డ్రిల్లునకు ఆ జ్ఞానము లేదు. కప్పు కొసదాక లేచిన పిమ్మటను ఒక్క క్షణము మీట వదలకున్నచో తీగత్రాడు తెగును, లేదా కంబము వంగును. దింపునప్పుడు వడి హెచ్చినచో విన్చిలోని బ్రేకుబిళ్లలు వేడెక్కి అరుగును. కాబట్టి తెలిసినవారు గేరును తక్కువ వేగమున నుంచి, మెడయందలి అంకెల కట్టును త్రిప్పి, బిగువు హెచ్చినంతనే క్లచ్చి జారునట్లు అమర్చుకొందురు. ప్రక్కపిడి తగిలించి రెండుచేతుల బట్టుకొందురు, లేనిచో కప్పునకు మారు మణికట్టు తిరుగును. చివరి చుట్లు మాత్రము చేతితోనే. భుజము నొప్పిగల వృద్ధులకును, ఒంటరిగా విడిదికి పోవువారికిని డ్రిల్లు చేయు ఉపకారమును నేను తక్కువ చేయను. కరపత్రము కసరుచున్నను దానికి పూనుకొనువారు సోమరులని నేననుకొనను.

ఇటీవలి కాలమున కథ పలుదారులుగా చీలినది. 2005 ప్రాంతమున లిథియము బ్యాటరీలు పనిముట్లలోనికి వచ్చి, అరచేత నిముడు డ్రిల్లునకు సైతము వెనుకటి తీగడ్రిల్లు బలమును కూర్చినవి. కప్పులమీద ఎయిర్ కండిషనర్లు వెలసి బరువు పెరిగినది. మడత ట్రెయిలర్లకు పేరుగాంచిన సోమర్సెట్ కర్మాగారమును నడపిన ఫ్లీట్‌వుడ్ సంస్థ 2009లో దివాలా దాఖలు చేసెను. జేకోను 2016లో థోర్ సంస్థవారు కొనిరి. గుడ్డలేని గట్టి పలకలే త్రికోణముగా లేచి నిలుచు మరియొక తెగయు కలదు. దానికి విన్చియే అక్కరలేదు. పాతపద్ధతి క్యాంపర్లకు మీట నొక్కగనే కప్పు లేచు విద్యుత్తు మోటారును బిగించి అమ్మువారును కలరు. ఆ మోటారుతోబాటు, బ్యాటరీ దిగిపోయిననాడు అక్కరకు వచ్చుటకై, చేతితో త్రిప్పు పిడి నొకదానిని విడిగా ఇచ్చుచుందురు. అది ఏ అరలో పెట్టితిమో జ్ఞాపకముంచుకొనుడని కరపత్రమున హెచ్చరిక.