పొగగొట్టం వెనుక ఖజానా

కడోదరా అద్దకపు మిల్లుల బొగ్గు బాయిలర్లు సూరత్ మగ్గాలనే నమ్ముకున్న తెలుగు నేతకుటుంబాలకు కొత్త కాదు. సూరత్ మిల్లుల పొగకు 2019లో ఉద్గారాల మార్కెట్ హద్దు గీసింది. అప్పిచ్చిన బ్యాంకు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

బ్యాంకును నిలదీసిన చరిత్ర గుజరాత్‌దే. సర్దార్ సరోవర్‌కు ప్రపంచ బ్యాంకు 1985లో 45 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 1992లో మోర్స్ సంఘం తప్పుపట్టాక, 1993లో మిగిలిన రుణాన్ని భారత ప్రభుత్వమే వదులుకుంది. పరువు దక్కించుకునే దారి అది! అయినా 2008లో ముంద్రా బొగ్గు విద్యుత్ కేంద్రానికి అదే బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ మళ్లీ 45 కోట్ల డాలర్లే ఇచ్చింది. జాలర్లు వాషింగ్టన్‌లో దావా వేశారు. ఐఎఫ్‌సీకి సంపూర్ణ రక్షణ లేదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు 7–1తో తేల్చింది. దావాకు మూలమైన పని జరిగింది భారత్‌లో గదా అంటూ 2020లో కింది కోర్టు దాన్ని కొట్టివేసింది.