నేటాలు తెలుగువారి న్యాయచిక్కులు

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన, చెన్నపట్టణమునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. నేటాలు చెఱకుతోటలలో పనిచేయుటకై వచ్చిన కూలీలు మూడువందలకు పైగా అందుండిరి. ఇట్లు ప్రారంభమైన వలస 1911లో నిలిచిపోవునప్పటికి సుమారు ఒక లక్షా ఏబది రెండువేలమంది భారతీయులు నేటాలు చేరిరి. వీరిలో ఇంచుమించు మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాడు మున్నగు జిల్లాల తెలుగువారును అందు పెక్కుమంది.

వీరిని గూర్చి వ్రాయువారు సాధారణముగా సత్యాగ్రహోద్యమమును గూర్చియే విశేషముగా వ్రాయుదురు. కాని ఆ ఉద్యమమునకు మూలమైన ప్రశ్నలు మిక్కిలి సామాన్యములు. యజమానిని విడిచి పోవచ్చునా? గడువు తీరిన పిదప ఆ దేశమున ఉండవచ్చునా? కట్టుకొన్న భార్య చట్టము దృష్టిలో భార్యయేనా? ఇల్లు ఎచ్చట కట్టుకొనవచ్చును? నేటికిని పరదేశమునకు పోయినవాడు మొదట అడుగు ప్రశ్నలివియే.

కూలీ వ్రేలిముద్ర వేసిన ఒప్పందమునకు ‘గిరిమిటు’ అని పేరు. ఆంగ్లపదము కూలీల నోటబడి ఇట్లు మాఱినది. గడువు ఐదేండ్లు, తొలియేట నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటేట ఒక్కొక షిల్లింగు పెంపు, తిండియు వసతియు యజమానివే. కాగితముపై ఇది యొక సామాన్యమైన కొలువు ఒప్పందమువలె కన్పట్టును. భేదమంతయు దానిని ఉల్లంఘించినప్పుడు బయటపడును. సాధారణ సేవకుడు చెప్పకుండ పని మానినచో యజమాని సివిలు కోర్టులో దావా వేయవలెను. గిరిమిటు కూలీ పని మానినచో అది నేరము, అతనికి చెఱసాల.

1894లో బాలసుందరము అను తమిళ కూలీ, యజమాని కొట్టగా ముందుపండ్లు రెండు విఱిగి, నెత్తుటితో గాంధీగారి కచేరికి వచ్చెను. యజమానిని శిక్షింపజేయుట కష్టము కాదు. కాని అతడు శిక్షపొందినను కూలీ తిరిగి ఆ యింటికే పోవలెను! అందువలన గాంధీగారు యజమానికి శిక్ష కోరక, కూలీకి విడుదల కోరిరి. వలసవారి సంరక్షకాధికారిచేత గిరిమిటు రద్దుచేయించుట, లేదా మఱియొక యజమాని పేర మార్పించుట, ఈ రెండే మార్గములు. రెండవది నెఱవేరెను. ఈ వార్త తోటలన్నిట వ్యాపించుటలో ఆశ్చర్యము లేదు.

గడువు తీరినవాడు స్వేచ్ఛగా వ్యవసాయమో వర్తకమో చేసికొనుట తెల్లవారికి సరిపడలేదు. 1895 చట్టము ప్రకారము, తిరిగి గిరిమిటు వ్రాయక, స్వదేశమునకు పోక, అచ్చటనే నిలిచినవాడు ఏటేట 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. నేటాలు ప్రభుత్వము మొదట కోరినది 25 పౌనులు. వైస్రాయి లార్డు ఎల్గిను 3 పౌనులకు అంగీకరించెను. దస్త్రముపై చూచినచో ఇదియొక గొప్ప ఉపకారమే! నెలకు 14 షిల్లింగులు తెచ్చు సంసారి యేటి రాబడి 168 షిల్లింగులు, అనగా 8 పౌనుల 8 షిల్లింగులు. భార్యకును, ఈడు వచ్చిన బిడ్డలకును పన్ను కలదు. నలుగురున్న కుటుంబమునకు పన్ను 12 పౌనులు. లెక్కవేసిన గుమాస్తా యెవ్వడైనను ఉన్నయెడల, ఇది పన్ను కాదనియు, తోటకు త్రిప్పి పంపు సాధనమనియు గ్రహించియే యుండును.

1913 మార్చి 14న కేపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పెను. బహుభార్యాత్వమును అనుమతించు మతాచారము ననుసరించి జరిగిన వివాహము ఆ దేశమున చెల్లదు. వివాదము ఒక ముస్లిము గృహస్థుని భార్యకు దేశప్రవేశ మీయవలెనా యను వలస వ్యవహారము మాత్రమే. కాని దాని ఫలితముగా తాళి కట్టించుకొన్న ఇల్లాండ్రందఱును ధర్మపత్నులు కాకపోయిరి. వారి బిడ్డల వారసత్వమును సందేహాస్పదమయ్యెను. పన్నునకు పురుషులు కదలినట్లే దీనికి స్త్రీలు కదలిరి. కస్తూరిబాయిగారు మున్నగువారు సెప్టెంబరులో చెఱకేగిరి. మఱికొందఱు స్త్రీలు న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి కూలీలను పని మానుడని ప్రబోధించిరి.

గనులవారు సమ్మె చేసినవారి యిండ్లకు నీరును, దీపములును ఆపిరి. వసతి యజమానిది కావున పనితోపాటు ఇల్లును పోవును. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్సువాలు సరిహద్దు దాటి నడచుటకు ఇదియు నొక కారణము.

1914 నాటి చట్టముచే పన్ను రద్దయ్యెను. ఏకపత్నీ వివాహములు రిజిస్టరు చేసికొన వీలయ్యెను. బొటనవ్రేలి ముద్రగల నివాసపత్రము ప్రవేశాధికారమునకు తిరుగులేని రుజువయ్యెను.

1927 నాటి కేపుటౌను ఒడంబడికచే భారతప్రభుత్వ ఏజెంటు పదవి యేర్పడెను. 1929 నుండి 1932 వఱకు ఆ పదవి నిర్వహించినది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. స్వదేశమునకు పోవు పెద్దవారికి తల కొక్కంటికి 20 పౌనులిచ్చు ఏర్పాటును ఆ ఒడంబడికలోనిదే. డబ్బు పుచ్చుకొని పోయి మూడేండ్లలోపుగా తిరిగి రానిచో నివాసాధికారము పోవును.

నివాసస్థలముల చిక్కు మాత్రము తీఱలేదు సరికదా, ముదిరెను. 1946లో భూమి హక్కును నియంత్రించు చట్టము రాగా, భారతదేశము ఆ విషయమును ఐక్యరాజ్యసమితి యెదుట పెట్టెను. 1950లో జాతుల వారీగా ప్రాంతముల చట్టము వచ్చెను. డర్బను కార్పొరేషను కూలీలైన తెలుగు, తమిళ కుటుంబములు తరతరములుగ నున్న మాగజైను బారకులు ఖాళీయై, 1960 ప్రాంతములో నిర్మించిన ఛాట్సువర్తునకు అనేకులు తరలింపబడిరి. ఆ చట్టము 1991లోగాని రద్దు కాలేదు.

ఓడల పట్టీలు నేటికిని నిలిచియున్నవి. కూలీ పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిపై పుట్టుమచ్చలు వానిలో వ్రాయబడినవి. తెలుగు తెలియని గుమాస్తా విన్నట్లు వ్రాయుటచే కొన్ని గ్రామముల పేర్లు పోల్చుకొనుట కష్టము. ప్రతి కూలీకి ఒక వలస సంఖ్య నిచ్చిరి. ముత్తాత ఊరిని వెదకుచు వచ్చువారు మొట్టమొదట ఆ సంఖ్యకొఱకే పాత యినుపపెట్టెలలోని కాగితములను వెదకుదురు.