మధుర పుదు మండపము: ఒక అంగడి చరిత్ర

మధుర మీనాక్షీ సుందరేశ్వరుల ఆలయమునకు తూర్పు గోపురము నెదుట, వీథికి ఆవలి వైపున, పొడవైన రాతి మండపమొకటి కలదు. తమిళులు దానిని పుదు మండపమందురు. అనగా క్రొత్త మండపము. కట్టి నాలుగు వందల యేండ్లు కావచ్చుచున్నను దానికి ఆ పేరు పోలేదు. దాని శిల్పమును గూర్చి పండితులు విరివిగా వ్రాసిరి. దానిలో తరతరములుగా సాగిన అంగడిని గూర్చి అంతగా వ్రాయలేదు. ఆ అంగడి నేడు లేదు. మరపునకు రాకముందే దానిని తలచుకొనుట మన విధి.

మధురను 1529 మొదలు 1736 వరకు ఏలిన నాయకరాజులు తెలుగువారని మనకు తెలిసినదే. వారిలో 1623 నుండి 1659 వరకు పాలించిన తిరుమల నాయకుడు స్వామివారి వసంతోత్సవము కొరకు ఈ మండపమును కట్టించెను. అందుచే దీనికి వసంత మండపమనియు పేరు. నాలుగు వరుసలలో 124 స్తంభములు గలవు. ఉత్సవ దినములలో వేసవి తాపము శమించుటకై చుట్టును నీరు నింపు ఏర్పాటు చేసిరి. విశ్వనాథ నాయకుడు మొదలు తిరుమల నాయకుని వరకు పదిమంది రాజుల ప్రతిమలు స్తంభములపై చేతులు మోడ్చి నిలిచియున్నవి. కరిరాజునకు చెఱకు తినిపించు సుందరేశ్వరుడు, కైలాసమునెత్తు రావణుడు మున్నగు శిల్పములు చూపరులను నిలిపివేయును. పదునెనిమిదవ శతాబ్ది చివర మధురకు వచ్చిన ఆంగ్ల చిత్రకారుడు థామస్ డేనియల్ దీనిని తిరుమల నాయకుని సత్రమను పేర చిత్రించి పశ్చిమ దేశములకు ఎఱుకపఱచెను.

నాయకరాజ్యము పోయినది. కాలక్రమమున రాజుల ప్రతిమల పాదములచెంత కుట్టుమిషన్లు వెలసినవి. స్తంభమునకు స్తంభమునకు నడుమ గాజులు, పసుపు కుంకుమలు, ఇత్తడి పాత్రలు, పూజాద్రవ్యములు, పంచాంగములు, పాఠ్యపుస్తకములు అమ్ము దుకాణములు నిండినవి. నేడు పెద్ద నగరములలో ఒకే కప్పు క్రింద సమస్త వస్తువులు దొరకు వాణిజ్య భవనములను చూచి మనవారు వింతపడుచున్నారు. మధురవారికి ఆ సదుపాయము ఈ మండపమున ఏనాడో అమరినది. బయట ఎండ నిప్పులు చెఱుగుచున్నను లోన రాతి చల్లదనము. దర్జీకి గుడ్డ యిచ్చి, కొలతలు చెప్పి, గుడికి పోయి దర్శనము చేసికొని వచ్చునప్పటికి రవిక సిద్ధము.

చిత్తిరై తిరునాళ్లు వచ్చినచో ఆ దర్జీలకు తీరిక యుండెడిది కాదు. అళగరు స్వామి వైగై నదిలో దిగు నాడు మ్రొక్కుబడి భక్తులు ధరించు రంగురంగుల వేషములను వారే కుట్టియిచ్చెడివారు. హిందువులతోపాటు మహమ్మదీయ దర్జీలును ఆ వస్త్రములను కుట్టుట మధుర ప్రజలకు వింత కాదు. తెలుగు రాజు కట్టించిన మండపమున, తమిళుల దేవుని ఉత్సవమునకు, మహమ్మదీయుని చేతి కుట్టు! ఇంతకంటె గొప్ప శాసనమేది?

2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి ఆలయములోని వీరవసంతరాయ మండపమున అగ్నిప్రమాదము సంభవించెను. అచటి దుకాణములు దగ్ధమయ్యెను, రాతికప్పు దెబ్బతినెను. పురాతన కట్టడములలో అంగళ్లుండుట తగదను మాటకు దానితో బలము వచ్చినది. తరువాతి సంవత్సరములలో పుదు మండపపు వర్తకులను నగరపాలక సంస్థవారి కున్నత్తూరు సత్రపు క్రొత్త భవనమునకు తరలించిరి.

ఇందు న్యాయమెంత? దుకాణపు తట్టులు, మూటలు, వ్రేలాడు గుడ్డలు శిల్పములను కప్పివేసిన మాట నిజము. నిప్పురవ్వ యొకటి పడినచో ఏమగునో 2018 తెలిపినది. కావున మండపమును ఖాళీచేయుట తప్పనజాలము. అయినను రాయి ఒక్కటే చరిత్ర కాదు. వసంతోత్సవము ఏడాదికొకమాఱు వచ్చునది. మిగిలిన దినములలో ఆ మండపమునకు ప్రాణము పోసినది అంగడియే. రాజు పేరెఱుగని పల్లెటూరి తల్లియు, పెండ్లి గాజుల కొరకు వచ్చి, ఆయన ప్రతిమ ప్రక్కనే కూర్చుండి బేరమాడినది. శిల్పమునకు కాపలా పెట్టవచ్చును. ఆ పరిచయమునకు కాపలా ఎవరు?

మధుర ప్రాంతపు తెలుగువారిలో పెక్కుమందికి తెలుగు ఇంటి మాటగా మాత్రమే మిగిలినది; లిపి దూరమైనది. 1706 నుండి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగు వచనము వ్రాసెనన్న సంగతి వారి పిల్లలకు పుస్తకముల వలన తెలియుట కష్టము. నాయకరాజుల ముఖములను వారు చూచునది ఈ మండపమున. అంగడి పోయిన పిమ్మట ఆ దారిన పోవు పని తగ్గినది.

కావున మన సంఘములు చేయవలసిన పని యొకటి గలదు. ఆ మండపమున కొన్న, అమ్మిన, కుట్టిన పెద్దలు ఇంకను మన మధ్య నున్నారు. ఏ స్తంభము వద్ద ఏ సరకు దొరకెడిదో, ఏ భాషలో బేరము సాగెడిదో వారినడిగి వ్రాసికొనవలెను. పిల్లలను వెంటబెట్టుకొనిపోయి ఆ పదిమంది రాజులను పేరుపేరున చూపవలెను. రాతిని కాపాడుటకు ప్రభుత్వము కలదు. జ్ఞాపకమును కాపాడుకొనవలసినవారము మనమే.